రిజిస్టరు చదవని హెడ్మాస్టర్లు

బెర్నార్డ్ కోర్డ్ పుస్తకం చాలా చిన్నది. 1971లో లండన్‌లో న్యూ బీకన్ బుక్స్ వేసింది. బ్రిటిష్ బడి వెస్టిండియన్ పిల్లల్ని ‘మందబుద్ధులు’గా ఎట్లా తయారు చేస్తుందో చెబుతుంది. ‘తయారు చేయడం’ అన్న మాట పుస్తకం పేరులోనే ఉంది. పిల్లలు అట్లా పుట్టలేదు, బడే చేసింది అని. గ్రెనడా నుంచి వెళ్లిన కోర్డ్ ఆ ప్రత్యేక బడుల్లోనే పాఠాలు చెప్పాడు. ఇది బయట నిలబడి జాలిపడిన రాత కాదు. (1983 గ్రెనడా రక్తపాతంలో ఆయన పాత్ర, పడిన శిక్ష వేరే చర్చ. దాన్ని దాచనక్కర్లేదు.)

లండన్ విద్యాశాఖ 1967 నాటి లెక్కల్నే ఆయన ముందు పెట్టాడు. వలస కుటుంబాల పిల్లలు మామూలు బడుల్లో నూటికి 15 మంది, ప్రత్యేక బడుల్లో 28 మంది. వాళ్లలో ముప్పాతిక మంది వెస్టిండియన్లు. కరీబియన్ ఇంటి భాష మాట్లాడే పిల్లను తెల్ల మధ్యతరగతి ఇంగ్లీషులో పరీక్షించి, తెలివి లేదని తేల్చారు.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. వలస పిల్లల్లో చాలామందిని పొరపాటున తమ దగ్గరికి పంపారని ప్రత్యేక బడుల హెడ్మాస్టర్లే చెప్పారు. తెలిసింది, కానీ పిల్లలు కదల్లేదు. జాతివివక్ష మీద హెడ్మాస్టర్లకు రెండ్రోజుల శిక్షణ పెడితే అవగాహన వస్తుందనే వాళ్లు ఇక్కడ ఆగాలి. ఎవర్ని ఎక్కడికి పంపాం, ఎవరి సంతకంతో పంపాం, ఎందరు తిరిగొచ్చారు అని సొంత రిజిస్టరు తీసి, ఆ పిల్లల అమ్మానాన్నల ముందు చదవాలి.

కోర్డ్‌తో ఒక్కచోట నాకు పేచీ ఉంది. పిల్లవాడి ఆత్మన్యూనత మీద ఆయన మరీ ఎక్కువ బరువు పెట్టాడు. 1981లో మౌరీన్ స్టోన్ ఈ ధోరణినే తప్పుబట్టింది. ఆత్మగౌరవం నేర్పుతామంటూ బడి చదువూ లెక్కలూ నేర్పే పని తప్పించుకుంటుందని ఆమె భయం. నిజమే. నల్లజాతి తల్లిదండ్రులు నడిపిన శనివారం బడులు ముందు చదువే చెప్పాయి.

కులమూ జాతీ ఒకటి కావు. అయినా ‘హాస్టలు పిల్లలు ఇంతేనండీ’ అనే మన హెడ్మాస్టరు గొంతు ఈ పుస్తకంలో వినిపిస్తుంది. బి సెక్షన్‌లో ఎవరున్నారో, బడి ఊడ్చే వంతు ఎవరిదో ఆయన రిజిస్టరే చెబుతుంది. కోర్డ్ మాత్రం హెడ్మాస్టర్లను బతిమాలలేదు. పుస్తకం రాసింది తల్లిదండ్రుల కోసం.