బృహన్నల పాఠం - తరగతి గదిలో నవ్వు

తొమ్మిదో ఎక్కం అప్పజెప్పేటప్పుడు తరగతిలో నవ్వు ఎందుకు పుడుతుందో కోలారు జిల్లా ఉపాధ్యాయులకు విడమరచి చెప్పనక్కరలేదు. తమిళంలోనైనా కన్నడంలోనైనా ఆ అంకె, ఆడపిల్లలా నడుస్తాడని పేరుపడ్డ మగపిల్లవాడి మీద విసిరే తిట్టు. 2001లో గనులు మూతబడినా, గనుల కోసం వచ్చి కె.జి.ఎఫ్.లో కలిసిన భాషలు మిగిలాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం నేర్చే మన పిల్లలకు మూడు భాషల తిట్లూ వస్తాయి. అందులో తెలుగు వాటా ‘పేడి’, ‘కొజ్జా’. కాస్త చదువుకున్న ఇళ్లలో ‘బృహన్నల’.

ఈ చివరి తిట్టు సాహిత్యం నుంచి వచ్చింది. కనుక దాని లెక్క సాహిత్యం చదివేవాళ్లే చూడాలి.

తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఊర్వశి శాపాన్ని అజ్ఞాతవాసానికి వాడుకొని అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పిన కథ అందులోది. 1963లో ‘నర్తనశాల’లో ఎన్.టి.రామారావు ఆ వేషం కట్టాక అది పామరులకూ పరిచయమైంది. అయితే మన మనసులో నిలిచింది వేషమే, కథ కాదు. కథలో ఏముంది? అంతఃపుర స్త్రీల ముందు ప్రగల్భాలు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూసి రథం దిగి పారిపోతాడు. వెంటపడి పట్టి తెచ్చింది బృహన్నల. గెలుపు వార్త విని విరాటుడు కొడుకును పొగుడుకుంటుంటే, కంకుభట్టు ఆ ఘనత బృహన్నలదంటాడు. ఒక పేడిని నా కొడుకు కంటే ఎక్కువ చేస్తావా అని రాజు పాచికతో కొడతాడు. ధర్మరాజు ముఖాన నెత్తురు కారుతుంది. తరగతిలో నవ్వే పిల్లలు ఆ విరాటుడి పక్షాన ఉన్నారు. కావ్యం ఆ పక్షాన లేదు. ఈ సంగతి చెప్పకుండా ఆ పాఠం చెబితే అది సగం పాఠమే.

అలాగని బృహన్నలతో అంతా చెప్పేశామనుకోవడమూ పొరపాటే. అర్జునుడిది శాపం, దానికి ఏడాది గడువు. మన తరగతిలోని పిల్లవాడిది శాపమూ కాదు, దానికి గడువూ లేదు. పైగా తిట్టు మూడు వేరువేరు సంగతులను ఒక్క ముద్ద చేస్తుంది. పుట్టిన శరీరం ఒకటి. తాను ఆడో మగో తనకు తెలిసే తీరు ఒకటి. మనసు ఎవరి మీదికి పోతుందన్నది మరొకటి. మెత్తగా మాట్లాడే అబ్బాయి అమ్మాయినే ప్రేమించవచ్చు. కబడ్డీలో మొనగాడు తోటి మగవాణ్ణి ప్రేమించవచ్చు. ఈ తేడాను తేట తెలుగులోనో, తేట కన్నడంలోనో చెప్పడం బడి పని.

చెప్పడానికి మాటలేవి? పత్రికల్లో మనం రాసేది ‘స్వలింగ సంపర్కం’. కన్నడంలో ‘సలింగకామ’. ఒక మాట మనిషిని పడకకు, ఇంకొకటి కామానికి కుదించేస్తాయి. ‘స్వలింగ ప్రేమ’ అంటే సగం భయం పోతుంది.

“చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు?” అని పెద్దలు అడుగుతారు. పదేళ్లకే తిట్టు వచ్చిన పిల్లలకు దాని వెనకున్న నిజం మాత్రం రాకూడదా? రుక్మిణీ కల్యాణం, నలదమయంతుల కథ మనం పిల్లలకు చెబుతూనే ఉన్నాం. అవి ప్రేమ కథలే. ఎవరూ వాటిని కామపాఠాలు అనలేదు. అంటే మనసు ఎటు పోవాలో బడి ఎప్పటినుంచో నేర్పుతూనే ఉంది, ఒక్క వైపే నేర్పుతోంది. కొందరి మనసు మరోవైపు పోతుందని ఒక మాట చేర్చడానికి ఇంతకు మించిన సిగ్గు అక్కరలేదు.

ప్రభుత్వాల తీరు ముందుకో అడుగు, వెనక్కో అడుగు. 2007లో కౌమార విద్య కార్యక్రమాన్ని ఆపేసిన రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదంది. 2021లో మద్రాసు హైకోర్టు పాఠ్యాంశాలు మార్చాలని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో కలుపుకోవడంపై ఎన్.సి.ఇ.ఆర్.టి. ఉపాధ్యాయుల కోసం తెచ్చిన పుస్తకం, అదే ఏడు అభ్యంతరాలు రాగానే వెనక్కి పోయింది.

ఇది మన నేలకు పరాయి సంగతి అనేవాళ్లు కోలారు, మాలూరుల్లో కరగ రాత్రిని తలచుకోవాలి. చీరె కట్టి, గాజులు తొడిగి, ద్రౌపదమ్మ కరగాన్ని తలకెత్తుకొని నడిచేది మగవాడే. వీధంతా చేతులు జోడిస్తుంది, ఎవరూ నవ్వరు. కరగం మోసేవాడి మనసు గురించి ఇది ఏమీ చెప్పదు, అది మొక్కు. కానీ నవ్వకుండా ఉండడం ఈ ఊళ్లకు చేతనౌనని మాత్రం చెబుతుంది.

అజ్ఞాతవాసంలో పాండవుల భయం ఒక్కటే, గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్ల అడవి. మన బళ్లలో కొందరు పిల్లలు ఆ భయంతోనే రోజూ హాజరు పలుకుతున్నారు. కొత్త పుస్తకం వచ్చేదాకా ఉపాధ్యాయుడు చేతులు ముడుచుకోనక్కరలేదు. తరగతి నవ్వినప్పుడు ఎక్కం ఆపి, ఎందుకు నవ్వారని అడగవచ్చు. విరాటపర్వం చెప్పేటప్పుడు, రాజు పాచిక ఎందుకు విసిరాడు, తప్పెవరిది అని అడగవచ్చు. వెనక బెంచీలో తల వంచుకున్న పిల్లవాడు ఆ ప్రశ్న వింటాడు.