'సెట్' అను నాంగ్లక్రియ: నానార్థములు, పర్యాయములు

ఆంగ్లభాషయందు మిక్కిలి చిన్నవియు, నిత్యవ్యవహారమున నున్నవియు నగు క్రియలే నిఘంటుకారుల నెక్కువ బాధించినవి. 1755లో జాన్‌సన్ పండితుఁడు తన నిఘంటువున 'టేక్' అను నొక్క క్రియకు 134 అర్థములు వ్రాయవలసి వచ్చెను. 1884లోఁ దొలిభాగము వెలువడి 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువునకు 1989లో రెండవకూర్పు వచ్చినపుడు, అందుఁ గడుదీర్ఘమైన వివరణము 'సెట్' అను క్రియదే. ఒంటిక్రియకు 430 అర్థములు. పలుకుబళ్లతోఁ జేర్చిన దాదాపు 580. తరువాతి సంస్కరణమున 'రన్' అను క్రియ 645 అర్థములతో దీనిని మించినది.

ఈ సంఖ్యలను జూచి యబ్బురపడుట సులభము. కాని యర్థభేదములను లెక్కించువాఁడు నిఘంటుకారుఁడు; వాని గీఁత యెచ్చటఁ బడునో సంఖ్యయు నచ్చటఁ బెరుగును, దఱుగును. కావున నెన్ని యర్థములను ప్రశ్నకంటె, నవి యొక్క మూలమునుండి యెట్లు పుట్టినవను ప్రశ్న ముఖ్యము.

'సెట్' అనునది 'సిట్' అను క్రియకుఁ బ్రేరణరూపము. కూర్చుండుట మొదటిది, కూర్చుండఁబెట్టుట రెండవది. సంస్కృతమున సద్ధాతువునకు 'సాదయతి' యెట్టిదో, యాంగ్లమున 'సిట్'కు 'సెట్' అట్టిది. రెంటి మూలము నొక్కటియే. ఈ మూలార్థమును బట్టిన, చెదరినట్లు కనఁబడు ప్రయోగములు పెక్కు దగ్గఱకు వచ్చును. విఱిగిన యెముకను దాని తావునఁ గూర్చుట, అచ్చక్షరములను బేర్చుట, వెలను నిర్ణయించుట, పరీక్షకుఁ బ్రశ్నలు కూర్చుట, ఇవన్నియు దేనినో తగినచోటఁ గుదురుపఱచుటయే. సూర్యుఁడు క్రుంకుటయుఁ, దోడువేసిన పాలు పేరుకొనుటయుఁ దమంతఁ దాము కుదురుకొనుట.

ఇచట నొక విశేషము గమనింపఁదగినది. ఆంగ్లేయుఁడు కోడిని గ్రుడ్లపైఁ గూర్చుండఁబెట్టుటకును, రత్నము నుంగరమున నమర్చుటకును 'సెట్' అనియే వాడును. తెలుఁగునఁ గోడి గ్రుడ్లను బొదుగును. కంసాలి రత్నమును బొదుగును. రెండు భాషలును రెండు పనులను నొక్కొక్క క్రియతోనే చెప్పుచున్నవి. కాని చూపు వేఱు. ఆంగ్లము కూర్చుండుటను జూచినది. తెలుఁగు చుట్టును బొదివి పట్టుటను జూచినది. అర్థము కలిసినంతమాత్రమున భావము కలియదనుటకు నింతకంటె మంచి దృష్టాంత మరుదు.

రూపసామ్యముచే మోసపోవుటయుఁ గలదు. సమూహార్థకమగు 'సెట్' అను నామము లాటినుభాషలోని 'సెక్టా' అను పదమునుండి ఫ్రెంచిద్వారమున వచ్చినది. క్రియతోఁ గలసిపోయి దాని ఛాయను బొందినది. స్వప్నార్థకమగు 'కల'ను, 'ధనము గల' అనుచోటి 'కల'ను నొకే పదమని యెంచుట యెట్టిదో, ఈ రెంటిని నొక్కటిగా లెక్కించుట యట్టిది.

ఇఁక బర్యాయముల మాట. 'పుట్', 'లే', 'ప్లేస్', 'ఫిక్స్', 'ఎస్టాబ్లిష్' అనువానిని 'సెట్'కు సమానార్థకములని బాలురు వల్లించుచుందురు. ఇందు 'లే' అనునది పరుండుటకుఁ బ్రేరణము. కావున నిటుకను బఱచుటకుఁ జెల్లును. 'ఫిక్స్' కదలకుండ బిగించుట. 'ఎస్టాబ్లిష్' ఫ్రెంచినుండి వచ్చిన గంభీరపదము. తెలుఁగునఁ 'బెట్టు' అను దేశ్యమునకును 'స్థాపించు' అను తత్సమమునకును నెంత యంతరమో, 'సెట్'కును దీనికిని దాదాపు నంత యంతరము.

ఈ పొరపాటునకు మన విద్యాసంప్రదాయమునను నొక కారణము కలదు. అమరకోశము నామలింగానుశాసనము, దానిని వల్లించినవారికిఁ బర్యాయ మనఁగా నొక వస్తువునకుఁ గల పెక్కు పేళ్లు. పద్మమునకుఁ గమల మనినను వస్తువు మాఱదు. క్రియలకీ న్యాయము చెల్లదు. క్రియార్థము కర్తకర్మములతోఁ గూడి నిలుచును. ప్రొద్దు విషయమునఁ జెల్లు 'సెట్'కు బదులుగా 'ప్లేస్' అనుట యెవ్వరికిని జెల్లదు.

ఉపసర్గముల నెఱిఁగిన పండితునకు నింకొక ముడి సులభముగా విడును. గమ్ధాతువు ఆగమన, నిర్గమన, సంగమములుగా మాఱినట్లే, 'సెట్' తన వెనుక నవ్యయములను జేర్చుకొని మాఱును. 'సెట్ ఔట్' బయలుదేఱుట. 'సెట్ అప్' నెలకొల్పుట. 'సెట్ ఇన్' ముసురు పట్టుట. సంస్కృతమున ముందు వచ్చునది యాంగ్లమున వెనుక వచ్చును. తెలుఁగున నీ పనిని ముందుపదము చేయును: తలపెట్టు, మొదలుపెట్టు, బయటపెట్టు, కనిపెట్టు.

నిజమునకుఁ 'బెట్టు' అను మన క్రియ 'సెట్'కు నేమాత్రమును దీసిపోదు. అన్నము పెట్టుదురు, పేరు పెట్టుదురు, బొట్టు పెట్టుదురు, నిప్పు పెట్టుదురు. కోడి గ్రుడ్డు పెట్టును. వీనిలో నాంగ్లమున 'సెట్' అనఁదగినది నిప్పు పెట్టుట యొక్కటియే. అన్నమును వడ్డింతురు, పేరు నిత్తురు. గ్రుడ్డుకు 'లే' అనవలయును. ఇట్లుండఁగా 'సెట్' అనుదాని కెదుట 'పెట్టు, ఉంచు, ఇడు, నిలుపు' అని వరుసగా వ్రాసి విడుచు చిన్ననిఘంటువు విద్యార్థికి మేలు చేయదు. దానిని నమ్మినవాఁడు ప్రొద్దును బెట్టించును, పెరుగును నిలిపించును. తప్పు వానిది కాదు. వాని చేతికి మాటల నిచ్చి ప్రయోగము నీయనివారిది.

బ్రౌను పండితుఁడు 1852 నాఁటికే తన నిఘంటువునఁ బదములతోపాటు వ్యవహారములోని పలుకుబళ్లను జేర్చెను. ఆ మార్గమే మేలైనది. ప్రతి యర్థమునకు నొక కర్మ, ప్రతి కర్మకు నొక వాక్యము చూపిననే క్రియ బోధపడును. అంతకుమున్ను 'పెట్టు' మొదలగు దేశ్యక్రియల యర్థములను మూలమునుండి వరుసగా నిరూపించుట యవసరము. తన క్రియ నెఱుఁగనివానికిఁ బరభాషాక్రియ యెంత వల్లించినను లొంగదు.