వర్తకుల వెంట వచ్చినదేది?
మౌలానా నద్వీ గ్రంథంపై ఆలంపురం నుండి ఒక పరిశీలన

మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ (రహ్) 1929లో అలహాబాదు హిందుస్తానీ అకాడమీలో చేసిన ఉపన్యాసాలు 1930లో 'అరబ్ ఓ హింద్ కే తఅల్లుఖాత్' అనే ఉర్దూ గ్రంథంగా వెలువడ్డాయి. అరబ్బు యాత్రికులు, వర్తకం, విద్యా సంబంధాలు, మత సంబంధాలు, దండయాత్రలకు పూర్వమే ఇక్కడ నివసించిన ముస్లిములు - ఇవి అందులోని విషయాలు. ఇస్లాం ఈ దేశానికి ఖడ్గంతోనే వచ్చిందనే వాదానికి, అరబ్బీ భూగోళ గ్రంథాల సాక్ష్యంతో, నిదానమైన భాషలో జవాబు చెప్పిన గ్రంథమిది. దీని విలువను తగ్గించే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు.

అయితే ఈ గ్రంథాన్ని మనవారు వాడుకునే తీరును విచారించక తప్పదు. 'సరుకులతో పాటు మతమూ వచ్చింది, విద్యలూ వచ్చాయి' అనే ఒక్క వాక్యాన్ని ఇందులోంచి ఏరుకొని, మలబారుకు చెప్పినదాన్నే తెలుగునాడుకూ చెప్పేస్తున్నాం. మౌలానా గారి దృష్టి ప్రధానంగా సింధు, గుజరాతు, మలబారు, మాబర్ తీరాల మీద ఉంది. ఆయనకు లభించిన అరబ్బీ ఆధారాలు అటువంటివి. దక్కను లోపలి భూములకు ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోవలసింది మనమే.

మొదట ఆయన చూపిన ఒక ఉదాహరణనే తీసుకుందాం. దివ్యఖుర్ఆన్‌లో స్వర్గవర్ణనలో వచ్చే మిస్క్, జంజబీల్, కాఫూర్ అనే మూడు పదాలు హిందూదేశపువని ఆయన అంటారు. జంజబీల్, అంటే శొంఠి, విషయంలో సందేహం లేదు. దాని మూలం దక్షిణాది భాషల్లోనే ఉంది. కాని కస్తూరి టిబెట్టు, హిమాలయ ప్రాంతాలది. ఆ కాలంలో పేరుమోసిన కర్పూరం సుమత్రా, బోర్నియో అడవులది. ఆ పదానికి మూలం మలయా భాష అని పలువురు పండితుల అభిప్రాయం. మన రేవుల్లో చేతులు మారినందువల్ల ఆ రెండింటికీ మన పేరు అంటుకుంది. సరుకు నడిచిన దారీ, సరుకు పుట్టిన చోటూ ఒకటి కావు. ఈ భేదాన్ని మతం విషయంలో మరింత జాగ్రత్తగా పాటించాలి.

ఇక ఆలంపురానికి వద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న ఈ ఊరు తుంగభద్ర ఒడ్డున, కృష్ణా సంగమానికి చేరువలో ఉంది. ఇది రేవు దాటే చోటు. ఆలంపురం గుడికి రాళ్లు తోలుకుపోయే బండ్లవారు నది దాటేముందు ఆగి ఇరుసులకు కందెన వేసుకున్న చోటే కందనవోలు, నేటి కర్నూలు, అయిందని జనం చెప్పుకుంటారు. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు ఇక్కడ కట్టించిన నవబ్రహ్మ ఆలయాల్లో ఒక్క తారకబ్రహ్మ తప్ప మిగిలినవన్నీ ఉత్తరాది రేఖా శిఖరంతో ఉన్నాయి. ఆ శిల్పం ఏ ఓడలోనూ రాలేదు. తెలిసిన చేతుల వెంట వచ్చింది.

ఈ చాళుక్యుల పేరు ఇస్లామీయ చరిత్రలోనూ వినబడుతుంది. ఇమామ్ తబరీ తన చరిత్రలో, ఖుస్రో పర్వేజ్ ఏలుబడి 36వ యేట ఒక హిందూ రాజు అతనికీ అతని కుమారులకూ లేఖలు, కానుకలు పంపినట్లు రాశారు. ప్రవక్త (స) లేఖను చించివేసిన ఖుస్రో ఇతడే. అరబ్బీ ప్రతిలోని ఆ రాజు పేరును జర్మన్ పండితుడు నోల్డెకె రెండవ పులకేశిగా గుర్తించాడు. దానికి తోడు అజంతా మొదటి గుహలోని ఒక చిత్రం పారశీక దూతలదేనని 1879లో ఫెర్గూసన్ అన్నాడు. ఎంతో ఇంపైన కథ! కాని ఆ పేరును అలా చదవడాన్ని అందరూ అంగీకరించలేదు. ఆ గుహ చిత్రాలు పులకేశికి నూటయాభై ఏళ్ల ముందటివని తరువాతి పరిశోధకులు వాదించారు. ఇంపైనంత మాత్రాన ఏ కథా సాక్ష్యం కాదు.

గట్టి సాక్ష్యం భూమిలో ఉంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా రోమను వెండి నాణేలు దొరికాయి. అంత ధనం లోపలి పల్లెదాకా వచ్చింది. దాని వెంట రోమను దేవతలు రాలేదు. తరువాతి శతాబ్దాల్లో నాగార్జునకొండలో మాత్రం సింహళ భిక్షువులకు ఒక విహారం వెలిసింది. నాణెం చేతులు మారి పోతుంది; భిక్షువు వచ్చి ఉండిపోతాడు. మతం నిలవడానికి మనిషి నిలవాలి, అతనికి నీడ కావాలి.

విద్యల సంగతి మరొక రకం. అరబ్బులు మేలైన కత్తిని 'ముహన్నద్', అంటే హిందూదేశపుది, అని పిలిచేవారు. తెలంగాణా ఉక్కు వారి దేశాలకు వెళ్లింది. దానిని చేసే విద్య అంత సులభంగా వెళ్లలేదు. 1832లో అచ్చయిన వాయిసీ వర్ణనలో, నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రానికి ఉక్కు కొనడానికి వచ్చిన ఇస్ఫహాన్ వర్తకుడొకడు, ఈ పద్ధతిని తమవారు అనుకరించబోయి విఫలమయ్యారని చెబుతాడు. ఇందుకు ఎదురు ఉదాహరణ కాగితం. చైనాలో పుట్టి, సమర్ఖందు, బాగ్దాదుల మీదుగా మన దేశం చేరి, నిజాం కాలానికి మహబూబ్‌నగర్ జిల్లా కోయిలకొండలో పేరుపొందిన పరిశ్రమ అయింది. కాగితం చేసే కుటుంబాలు, కాగితం కావలసిన కచేరీలు ఒకచోట కలిసినప్పుడే ఆ పని వేళ్లూనింది.

తీరంలోనూ ఈ భేదం కనిపిస్తుంది. 849 నాటి కొల్లం తామ్రశాసనంలో విదేశీ వర్తక సమాజాలకు స్థిరమైన హక్కులు ఇచ్చారు. సాక్షుల సంతకాలు కూఫీ, పహ్లవీ, హెబ్రూ లిపుల్లో ఉన్నాయి. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతీయ గణపతిదేవుడు, ఓడ పగిలినా సరుకు దోచుకోబోమని, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని మాట ఇచ్చాడు. కర్పూరం, పన్నీరు, పగడం అక్కడికి వచ్చేవి. రెండూ గొప్ప శాసనాలే. కాని ఒకటి నివాసానికి హక్కు, మరొకటి రాకపోకలకు రక్షణ. మలబారు మాటను తెలుగు తీరానికి అప్పగించేవారు ఈ తేడాను గమనించాలి.

ఆలంపురంలో ఆలయాల చెంతనే హజ్రత్ షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఏటా ఉర్సు జరుగుతుంది. జనం గుర్తుంచుకున్న ఆ పేరులో వర్తకుడు లేడు, పహిల్వాన్ ఉన్నాడు. కృష్ణా తుంగభద్రల నడిమి భూమి కోసం బహమనీలు, విజయనగర రాజులు తరాల తరబడి పోరాడారన్నది తెలిసిన చరిత్రే. మన నోటి మాటలూ ఇదే చెబుతాయి: బాకీ, వసూలు, జమ, ఖర్చు. ఇవి చాలావరకు పుట్టుకతో అరబ్బీవి. అన్నీ మనకు చేరింది రేవు నుండి కంటే పారశీకం నడిచిన కచేరీ నుండే ఎక్కువ.

దీన్ని ఒప్పుకుంటే ఖడ్గవాదానికి బలం చేకూరుతుందని కొందరు భయపడతారు. ఆ భయం అనవసరం. పాలకుడు గెలుచుకునేది భూమిని. దర్గా వద్దకు తరతరాలుగా జనాన్ని రప్పించడం సైన్యం వల్ల అయ్యే పని కాదు. తమ వృత్తి పేరే కులం పేరుగా నిలుపుకొని, ఇంట తెలుగే మాట్లాడే దూదేకులవారిని చూడండి. వారి చరిత్ర ఓడల్లోనూ దొరకదు, దండయాత్రల్లోనూ దొరకదు. 'మీరెక్కడినుండి వచ్చారు' అని అడిగేవారికి మలబారు నుండి అరువు తెచ్చిన జవాబు ఇస్తే, ఈ నేల మీద పుట్టినవారి కథను మనమే చెరిపివేసినవారమవుతాము.

మౌలానా గ్రంథం తెలుగులో రావలసినదే. అనువాదకుడు మాత్రం ఆ మూడు పదాల దగ్గర వివరణ చేర్చాలి, దక్కను లోపలి దారుల గురించి విడిగా ఒక ప్రకరణం రాయాలి. ఆ ప్రకరణానికి ఆధారాలు శాసనాల్లో, దర్గాల సనదుల్లో, ఖాజీల దఫ్తరాల్లో వెతకాలి. ఆయన అరబ్బీ గ్రంథాలను గాలించినంత ఓపికగా మనం వీటిని గాలించడమే ఆయన పట్ల మనం చూపగల గౌరవం.