మళ్లీ అదే మూలకి

పెడన అద్దకంలో ఒక పువ్వుకి ఒక్క అచ్చు చాలదు. గీతల అచ్చు ఒకటి, గీతల లోపల నింపడానికి రంగుకొక అచ్చు. టేకు చెక్కతో చెక్కిన ఆ అచ్చుల్ని గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి పడేలా వేస్తారు. రెండో అచ్చు వెంట్రుకవాసి జరిగినా ఎరుపు రేకు దాటేస్తుంది. తణుకులో మా ఇంటి వెనక గదిలో కంప్యూటర్‌తో నడిచే చిన్న సీఎన్‌సీ రౌటర్ మీద అలాంటి అచ్చులు చెక్కడం మొదలుపెట్టాకే, కొలత ఎక్కడి నుంచి తీస్తున్నామన్నది ఎంత పెద్ద సంగతో నాకు తెలిసింది.

నాది 3018 రకం యంత్రం. పొడవు 300 మిల్లీమీటర్లు, వెడల్పు 180, అంతే జాగా. లోపల నడిపించేది జీఆర్‌బీఎల్. సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో మొదలుపెట్టి అందరికీ వదిలేసిన ప్రోగ్రామ్ అది. ఆయనకి మనసారా దణ్ణం పెడతాను. కానీ కరెంటు పోతే యంత్రానికి తానెక్కడుందో గుర్తుండదు. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచే మనిషిలాంటిది స్టెప్పర్ మోటారు పని. లెక్క తప్పితే గోడ తడుముకోవాల్సిందే. ఆ గోడే లిమిట్ స్విచ్. చవక యంత్రాలు చాలావాటికి అది రాదు. కొని బిగించుకున్నాను. ఇప్పుడు ‘హోమింగ్’ అనగానే చెక్కే బిట్టు మూలకి వెళ్లి, స్విచ్ తగిలి, కాస్త వెనక్కి వచ్చి ఆగుతుంది. యంత్రం లెక్కకి అదే మొదలు.

చెక్క లెక్క వేరు. చెక్క మూల ఆ మొదలు నుంచి ఎంత దూరమో రాసుకోవడానికి జీ54 నుంచి జీ59 దాకా ఆరు గళ్లున్నాయి. బిట్టుని చెక్క మూల మీదికి తెచ్చి ‘జీ10 ఎల్20 పీ1 ఎక్స్0 వై0’ అని కొడితే, ఆ చోటు జీ54లో నిలిచిపోతుంది. యంత్రం ఆపినా చెరగదు. ‘జీ92’తో పెట్టిన సున్నా అలా నిలవదు. ఆ తేడా తెలియని రోజుల్లో సగం చెక్కిన అచ్చు మీద కరెంటు పోయింది. మళ్లీ సున్నా కుదరక మంచి టేకు ముక్క పాడైంది. అప్పట్నుంచి అంకెల్ని పెన్సిల్‌తో నోటుబుక్కులో కూడా రాసుకుంటున్నాను.

అయితే అంకె దాచుకోవడం సగం పనే. చెక్క కూడా మళ్లీ అక్కడికే రావాలి. ద్వారబంధం చేసే మేస్త్రిని చూడండి. ముందు ఒక ముఖం, ఒక అంచు చిత్రిక పట్టి, మూలమట్టం ఆనించి చూసుకుని, పెన్సిల్ గుర్తు పెడతాడు. ఆపైన ప్రతి కొలతా ఆ అంచు నుంచే. మొరటు అంచు నుంచి కొలిచి తర్వాత సరిచూద్దామనుకోడు. నేను చేసిందీ అదే. బల్ల మీద రెండు టేకు పట్టీలు మూలగా బిగించి, వాటి లోపలి అంచుల్ని ఈ యంత్రం బిట్టుతోనే కోయించాను. దాంతో అవి యంత్రం నడకకి సమాంతరంగా నిలిచాయి. మూలలో చిన్న ఖాళీ వదిలాను. గుండ్రటి బిట్టు మూలని గుండ్రంగానే వదులుతుంది, పైగా పొట్టు అక్కడ చేరితే చెక్క ఆనదు. బ్రష్‌తో తుడిచి, చెక్కని ఆ మూలలోకి నొక్కి బిగించాలి.

ఎత్తు సంగతి మాత్రం ఎప్పటికప్పుడు చూసుకోవాలి. బిట్టు మారితే పొడవూ మారుతుంది. కాబట్టి లోహపు పలక తాకించి జెడ్ మళ్లీ పెడతాను, ఎక్స్, వై ముట్టుకోను.

కాలవల నడుమ ఉన్న ఊరు మాది. వానాకాలం ఎండీఎఫ్ బల్ల తేమ పీల్చి ఉబ్బుతుంది. పైపొర పలచగా కోయించి మళ్లీ చదును చేస్తాను. టేకు కూడా ఉబ్బుతుంది, కాకపోతే నార పొడవునా కంటే అడ్డంగా చాలా ఎక్కువ. అందుకే ఒక పువ్వుకి కావలసిన అచ్చులన్నీ ఒకే పలక నుంచి, నార ఒకే వైపు ఉండేలా తీస్తాను. రంగులో తడిసినప్పుడు ఉబ్బితే అన్నీ ఒకేలా ఉబ్బాలి కదా.

మొన్న ఎరుపు అచ్చు అంచు విరిగింది. ఆ పలకలో మిగిలిన ముక్కని మూలలో ఆనించి, హోమింగ్ చేసి, జీ54 పిలిచి, బొమ్మని అద్దంలోలా తిప్పి ఉంచిన ఆ పాత ఫైలునే నడిపాను. సాయంత్రం పాత గీతల అచ్చుతో ముందే వేసి ఉంచిన గుడ్డ మీద కొత్తది వేసి చూశాను. ఎరుపు రేకులోపలే నిలిచింది.