హార్మోనియం మీది చేతులు

పద్యనాటకంలో చప్పట్లు కిరీటం పెట్టుకున్నవారికే వెళ్తాయి. నా చూపు మాత్రం వేదిక పక్కన కాలి హార్మోనియం ముందు కూర్చున్న మనిషి మీదే నిలుస్తుంది. పాదాలతో తిత్తులకు గాలి కొడుతూ, రెండు చేతులూ మెట్ల మీద ఉంచి, కళ్లు నటుడి పెదవులకు అప్పగిస్తాడాయన. కృష్ణుడిది ఒక శ్రుతి, ద్రౌపదిది ఇంకొకటి. పాత్ర వేదిక మీద అడుగుపెట్టేలోపే ఆ శ్రుతి అక్కడ సిద్ధంగా ఉంటుంది. పద్యానికి తాళం లేదు, నటుడి ఊపిరే కొలత. రాగం ఎటు లాగితే అటు, వెంట్రుకవాసి వెనకగా నడవాలి. ఆ పెట్టెలో రెండు మెట్ల మధ్య స్వరం జారదు. అయినా కల్యాణి రాగంలో గమకం వినిపించిందనిపించేలా వేళ్లు తాకించి వదులుతాడు. ఎంత సాధన ఉంటే అది వస్తుందో! కాటిసీనులో హరిశ్చంద్రుడికి పద్యపాదం తట్టకపోతే, తెర వెనక నుంచి మాట అందేదాకా రాగాన్ని తిప్పుతూ నిలబెట్టేదీ ఆయనే. జనం అదీ ఆలాపనే అనుకుంటారు. ‘వన్స్ మోర్’ కేక పడ్డప్పుడు అలసిన గొంతుకు ముందుగా చేయందించేది ఆ స్వరమే. ఈసారి నాటకానికి వెళ్తే, ఒక్క పద్యమైనా ఆయన్ని చూస్తూ వినండి.