ఆరోహణ ప్రవచనాలు: ఒక పరిశీలన

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను అల్లాహ్ తన వైపునకు ఎత్తుకున్నాడని దివ్య ఖుర్ఆన్ స్పష్టపరచింది (3:55, 4:158). ఆయన సిలువపై మరణించి, తిరిగి లేచి, నలభై దినాల తర్వాత ఒలీవల కొండ నుండి పరలోకానికి ఆరోహణమయ్యాడని క్రైస్తవుల విశ్వాసం. సిలువ విషయంలో ఉభయుల మధ్య తీవ్రమైన భేదం ఉంది గాని, ఆయన పైకి ఎత్తబడ్డాడన్న విషయంలో లేదు. అయితే క్రైస్తవ పండితులు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ ఆరోహణను పూర్వపు హెబ్రీ ప్రవక్తలే ముందుగా చెప్పారని వాదిస్తారు. ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

వారు చూపే ఆధారాల్లో ముఖ్యమైనది కీర్తనల గ్రంథంలోని 68వ కీర్తన, 18వ వచనం. ఇది విజయగీతం. దేవుడు సీనాయి నుండి తన పరిశుద్ధ స్థలానికి ఊరేగింపుగా వచ్చి, బందీలను పట్టుకొని, మనుషుల నుండి కానుకలు తీసుకున్నట్లు ఇందులోని వర్ణన. పౌలు పేరిట ఉన్న ఎఫెసీయుల పత్రిక (4:8) ఈ వచనాన్నే ఈసా (అ) ఆరోహణకు అన్వయించింది. కాని అక్కడ కానుకలు ‘తీసుకోవడం’ పోయి ‘ఇవ్వడం’ వచ్చింది. హెబ్రీ మూలంలోనూ, ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ ఉన్నది తీసుకోవడమే.

ఇది చూడగానే, పౌలు లేఖనాన్ని తారుమారు చేశాడని కొందరు ముస్లిం వాదకులు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు తొందరపాటు. యూదుల అరామిక్ వివరణానువాదమైన తర్గూములో కూడా ఈ వచనం ‘ఇచ్చావు’ అనే అర్థంతోనే ఉంది. అక్కడ పైకి ఎక్కినవారు హజ్రత్ మూసా (అ). ఆయన ఇచ్చిన కానుక తౌరాతు. ‘తీసుకొను’, ‘పంచు’ అనే రెండు హెబ్రీ క్రియల్లోనూ ఉన్నవి అవే మూడు అక్షరాలు, వాటి వరుస మాత్రం వేరు. ఈ తర్గూము గ్రంథరూపం పొందినది పౌలు తర్వాతే అయినా, ఆ వ్యాఖ్యాన సంప్రదాయం అంతకు ముందే యూదుల్లో ప్రచారంలో ఉండి ఉండవచ్చు. కనుక ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరు. మూలంలో దేవుణ్ణి ఉద్దేశించిన మాటను యూదులు మూసా (అ)కు, క్రైస్తవులు ఈసా (అ)కు వర్తింపజేశారు. ఒకే వచనం ఇద్దరికి సరిపోయినప్పుడు అది వారిలో ఒకరిని గురించిన ప్రవచనమని రుజువు చేయడం ఎలా?

రెండవ ఆధారం 110వ కీర్తన మొదటి వచనం. దేవుడు ఒక ప్రభువును తన కుడిపక్కన కూర్చోమంటాడు. దావూదు పరలోకానికి ఎక్కిపోలేదు గనుక ఈ మాట మెస్సీయను గురించినదేనని పేతురు వాదించినట్లు అపొస్తలుల కార్యములు (2:34-36) చెబుతుంది. గ్రీకులో రెండుచోట్లా ‘ప్రభువు’ అనే ఒకే మాట రావడం వల్ల ఈ వాదానికి బలం చేకూరింది. హెబ్రీలో ఆ రెండు మాటలు వేరు. మొదటిది దేవుని నామం. రెండవది ‘అదోనీ’, అనగా నా యజమాని. ఆదికాండము 24వ అధ్యాయంలో ఇబ్రాహీము (అ) సేవకుడు తన యజమానిని పేర్కొనే మాట ఇదే. ఈ వివాదం కొత్తది కాదు. రెండవ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్, యూదుడైన త్రుఫోనుతో తన సంవాదంలో, ఈ కీర్తనను యూదులు హిజ్కియా రాజుకు అన్వయిస్తారని తానే వ్రాశాడు. 1105లో మరణించిన యూద వ్యాఖ్యాత రాషీ దీనిని ఇబ్రాహీము (అ)కు అన్వయించాడు.

మూడవది దానియేలు 7:13. మనుష్య కుమారుని వంటి ఒకడు మేఘాలతో దేవుని సన్నిధికి చేరే దర్శనం ఇది. భూమి నుండి సింహాసనం వైపుగా సాగే గమనంగా దీనిని గ్రహించి, క్రైస్తవులు ఆరోహణకు జతచేశారు. కాని ఆ దర్శనానికి భావం అదే అధ్యాయంలో ఉంది: రాజ్యం పొందేది మహోన్నతుని పరిశుద్ధులు (7:18, 7:27).

మూడు సందర్భాల్లోనూ జరిగింది ఒకటే. విశ్వాసం ముందు ఏర్పడింది, దానికి వచనాలను తర్వాత వెదికారు. ఇది క్రైస్తవులు ఒక్కరే చేసిన పని కాదు. 1947లో మృత సముద్రం ఒడ్డున దొరికిన హబక్కూకు వ్యాఖ్యానంలో ఒక యూద వర్గం కూడా ప్రాచీన ప్రవచనాన్ని తన కాలపు సంఘటనలకే అన్వయించుకుంది. ఆనాటి పఠన పద్ధతి అది. విశ్వాసికి అది బలం ఇవ్వవచ్చు గాని, విశ్వసించని వానికి రుజువు కాజాలదు.

అయితే ఈ కొలబద్దను ముస్లిం తన చేతిలోని వాదాలకు కూడా పట్టవలసి ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 18:18లో వాగ్దానం చేయబడిన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అని చూపేటప్పుడు, ‘సహోదరులు’ అన్న మాట 17:15లో ఇస్రాయేలీయులకే చెల్లుతుందని ప్రతివాది ఎత్తిచూపుతాడు. దానికి కోపంతో కాక, 34:10 వంటి వచనాలను సందర్భంతో సహా ముందుంచి జవాబు చెప్పాలి. సందర్భం నుండి వచనాన్ని విడదీయడం ఇతరులు చేస్తే తప్పు, తాము చేస్తే ఒప్పు అనడం న్యాయం కాదు.

ఈసా (అ) ఎత్తబడ్డారన్న ముస్లిం విశ్వాసం 68వ కీర్తన మీదనో, 110వ కీర్తన మీదనో నిలిచిలేదు. అది అల్లాహ్ వాక్కు మీద నిలిచి ఉంది. కనుక ఆ కీర్తనలను నిర్భయంగా, వాటి స్థానంలో వాటిని ఉంచి చదవగల స్వేచ్ఛ అతనికి ఉంది. ఒక జాతి పట్ల విరోధం న్యాయాన్ని విడిచిపెట్టేలా చేయరాదని సూరా మాయిదా (5:8) ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం సాక్ష్యాలకూ వ్యాపారాలకూ మాత్రమే పరిమితం కాదు. పరుల గ్రంథాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతి పాఠకునికీ అది వర్తిస్తుంది.