ఓడ అందం ఎక్కడ నిలబడి చూడాలి?

ధర్మపురికి సముద్రం లేదు. చెన్నై రేవు చూడాలంటే మూడు వందల కిలోమీటర్లు పోవాలి. అయినా మా తరగతిలో టైటానిక్ తెలియనివాళ్ళు ఒక్కరు కూడా లేరు. నాలుగు పొగగొట్టాలు, పొడుగాటి నల్లటి ఒళ్ళు, దానిపైన తెల్లటి అంతస్తులు. కాగితం ఇస్తే చాలు, టకటకా గీసేస్తారు. అదే ఇప్పటి ప్రయాణికుల ఓడ ఒకటి గీయమంటే పెన్సిలు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. వందేళ్ళ కిందట మునిగిపోయిన ఓడ కంటికి ఆనుతుంది గాని, నిన్న కట్టిన ఓడ ఆనదు. ఇది ఎందుకు అన్నదే ఈ వ్యాసం.

లోకంలో ఓడ పిచ్చివాళ్ళు అని ఒక జాతి ఉంది. మన దగ్గర బస్సు పిచ్చివాళ్ళు లేరా? దూరంనుంచి హారను విని ఏ డిపో బండో చెప్పేవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. వీళ్ళూ అలాంటివాళ్ళే. ఏ ఓడ ఏ సంవత్సరం ఏ యార్డులో కట్టారు, ఎన్ని టన్నులు, ఎప్పుడు పేరు మారింది, ఎక్కడ విరగ్గొట్టారు, అన్నీ నోటికి చెబుతారు. ఇంగ్లండులో వీళ్ళకు 1946 నుంచి వరల్డ్ షిప్ సొసైటీ అని సంఘమే ఉంది. వీళ్ళందరూ కలిసి చేసే ఫిర్యాదు ఒకటే: ఇప్పటివి ఓడలు కావు, నీళ్ళమీద తేలే అపార్ట్‌మెంట్లు.

ఫొటోలు చూస్తే వాళ్ళ మాట కొట్టిపారేయలేం. 2024 జనవరిలో మొదటి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ 365 మీటర్ల పొడుగు, 20 అంతస్తులు. పైన నీళ్ళ జారుడుబల్లలు, రంగురంగుల గొట్టాలు. ముందు ఎక్కడ, వెనక ఎక్కడ అని ఒక్క క్షణం వెతుక్కోవాలి. మన హైవే పక్కన కట్టే కాంప్లెక్సును తెచ్చి నీళ్ళలో పెట్టినట్టే ఉంటుంది.

కాని ఆ ఆకారానికి కారణం ఉంది. పాత ఓడలను లైనర్లు అంటారు. లైనర్ పని ఒక రేవునుంచి ఇంకొక రేవుకు చెప్పిన రోజుకు జనాన్ని చేర్చడం. అట్లాంటిక్‌లో చలికాలం తుఫాను వచ్చినా ఆగకూడదు. అందుకే అలను చీల్చే పొడుగాటి ముక్కు, నీళ్ళలోకి లోతుగా దిగే ఒళ్ళు, గట్టి ఇనుము, పెద్ద ఇంజన్లు. 1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. ఐదు రోజుల దారి కొన్ని గంటలైంది. ఇంక లైనర్ ఎవరికి కావాలి? మిగిలింది విహారం. విహారానికి పోయేవాడికి తొందర లేదు, అతనికి కావలసింది గది, ఆ గదికి బాల్కనీ. బాల్కనీలు ఎక్కువ రావాలంటే పక్కగోడ నిలువుగా, చదునుగా ఉండాలి. ముందూ వెనకా సన్నగా చేస్తే అమ్మే గదులు తగ్గుతాయి. చిన్న రేవుల్లోకి పోవాలంటే మరీ లోతుగా దిగకూడదు. ఇవన్నీ కలిపితే పెట్టె తప్ప ఇంకేం వస్తుంది!

ఓడ పిచ్చివాళ్ళలో ఒకతని కథ మా వయసువాళ్ళకు తప్పకుండా నచ్చుతుంది. 1972లో క్వీన్ ఎలిజబెత్ అనే పెద్ద లైనర్ హాంకాంగు రేవులో కాలిపోయింది. అటువంటి ఓడ ఇంక ఎవరూ కట్టరు అని బి.బి.సి. పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్‌వాళ్ళు తమ పుస్తకంలో రాశారు. స్టీఫెన్ పేన్ అనే పిల్లవాడు అది చదివి, మీరు రాసింది తప్పు, మళ్ళీ కడతారు అని వాళ్ళకు ఉత్తరం రాశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత క్వీన్ మేరీ 2 అనే లైనర్‌కు డిజైన్ చేసింది అతనే. 2004 జనవరిలో అది మొదటి ప్రయాణం చేసింది. బ్లూ పీటర్‌వాళ్ళు అతన్ని పిలిచి బంగారు బ్యాడ్జి ఇచ్చారు.

ఆ ఓడలో నాకు బాగా నచ్చింది లైఫ్‌బోట్ల సంగతి. అంతర్జాతీయ నియమం ప్రకారం అవి నీటికి 15 మీటర్లకన్నా ఎత్తులో ఉండకూడదు. ఉత్తర అట్లాంటిక్ అలలకు ఆ ఎత్తు చాలదు, పడవలు విరిగిపోతాయి అని పేన్ వాదించి, ప్రత్యేక అనుమతి తెచ్చుకుని ఇంకా పైకి ఎక్కించాడు. పొగగొట్టం మాత్రం అనుకున్నంత ఎత్తు పెట్టలేకపోయాడు, న్యూయార్క్ వంతెన కింద దూరాలి కదా. బాల్కనీలూ తప్పలేదు. అవి లేకపోతే టిక్కెట్లు అమ్ముడుపోవు. అందుకే కొన్నింటిని ఒంటిలోనే కంతలు పెట్టి అమర్చాడు. కొంతమంది అభిమానులకు ఆ కంతలు నచ్చలేదు, వెనక భాగం సగం గుండ్రంగా సగం కోసేసినట్టుగా ఉండటమూ నచ్చలేదు. నాకైతే ఇక్కడ పేన్ వాళ్ళకన్నా గొప్పవాడు అనిపిస్తుంది. అభిమానికి అందం ఒక్కటే చాలు, కట్టేవాడికి అల, వంతెన, డబ్బు మూడూ చూడాలి.

ఇంకొక చోట కూడా అభిమానులతో నాకు పేచీ ఉంది. పాత ఓడల్లో ప్రతిదీ పనికోసం ఉండేది, ఇప్పటివాటిలో అంతా ఆడంబరం అంటారు. మరి టైటానిక్ నాలుగో పొగగొట్టం సంగతి? బాయిలర్ల పొగ మొదటి మూడింటిలోనే పోయేది. నాలుగోది గాలి ఆడటానికి, ఇంకా చూపుకు. పొగగొట్టాలు ఎన్ని ఎక్కువుంటే అంత బలమైన ఓడ అని జనం నమ్మే రోజులవి. 1935లో వచ్చిన నార్మండీ అన్ని లైనర్లకన్నా అందమైనదని చాలామంది అంటారు. దాని మూడో పొగగొట్టం పూర్తిగా డమ్మీ, లోపల ప్రయాణికుల కుక్కలను ఉంచేవాళ్ళు! డమ్మీ పొగగొట్టానికి చప్పట్లు కొట్టి జారుడుబల్లను తిట్టడం ఏం న్యాయం?

మన హొగెనకల్‌లో పరిసలు ఉంది (పుస్తకాల్లో పుట్టి అంటారు). వెదురు అల్లిన గుండ్రటి బుట్ట. ముందు లేదు, వెనక లేదు. లైనర్ ప్రేమికుడికి చూపిస్తే ఇది పడవే కాదంటాడేమో. కాని కావేరి ఆ బండల మధ్య సుడులు తిరుగుతుంటే, ముక్కు ఉన్న పడవ బండకు తగిలి పగులుతుంది. పరిసలు తగిలితే గిర్రున తిరిగి తప్పుకుంటుంది. అడుగు చదును గనక మోకాలి లోతు నీళ్ళలో కూడా తేలుతుంది. దాన్ని చూసి ఎవరైనా వికారంగా ఉంది అనడం నేను వినలేదు. పనికి సరిపోయింది గనక కంటికీ సరిపోయింది.

అయితే ఓడ పని ఏమిటో ఎవరు చెప్పాలి? ఇంతవరకు చెప్పిందంతా ఒడ్డున నిలబడి చూసినవాళ్ళ మాట, లేదా ఫస్టు క్లాసు మెట్లమీద నిలబడి చూసినవాళ్ళ మాట. మనవాళ్ళు ఎక్కిన ఓడలు ఈ మాటల్లోకి రావు. తీరాంధ్రంలో కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవులనుంచి వేలమంది రంగూన్ పోయారు. అక్కడి తెలుగువాళ్ళు రంగూన్‌ను రంగం అనేవాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అన్నారు. మద్రాసు రేవునుంచి పెనాంగు, సింగపూరు పోయినవాళ్ళలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు, మలయాలో రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేశారు.

ఆ మద్రాసు దారిలో ఎక్కువ కాలం తిరిగిన ఓడ పేరు రాజులా. గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ యార్డులో 1926లో కట్టారు, బ్రిటిష్ ఇండియా స్టీమ్ కంపెనీది. మద్రాసు, నాగపట్నం, పెనాంగు, పోర్ట్ స్వెటెన్‌హాం, సింగపూరు, మళ్ళీ వెనక్కి. అలా 1973 దాకా 47 ఏళ్ళు. నేను ఇక్కడ ఒక లెక్క వేశాను. ఓడ టన్నేజీ అంటే బరువు కాదు, లోపలి చోటు. పాత లెక్కలో ఒక టన్ను అంటే 100 ఘనపు అడుగులు. టైటానిక్ 46,328 టన్నులు, సుమారు 2,400 మంది ప్రయాణికులకు కట్టినది. మనిషికి 19 టన్నులు వస్తుంది. ఐకాన్ 2,48,663 టన్నులు, నిండా ఎక్కితే 7,600 మంది. మనిషికి దాదాపు 33. రాజులా 8,478 టన్నులు. మొదట్లో దానికి ఐదువేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. మనిషికి 1.6 టన్నులు! పది అడుగుల చదరపు గదిలో, పది అడుగుల ఎత్తులో, ఆరుగురిని పెట్టి, ఇంజను, బాయిలరు కూడా అక్కడే సర్దుకోమన్నట్టు. (తెరిచిన డెక్కు ఈ లెక్కలోకి రాదు, పాత టన్నుకు కొత్త టన్నుకు కొంచెం తేడా ఉంది. అయినా తేడా ఎంతో చూడండి.) తర్వాతి కాలంలో ఆ సంఖ్యను బాగా తగ్గించారు.

ఒడ్డునుంచి చూస్తే రాజులా చక్కటి ఓడే. నిటారు పొగగొట్టం, నల్ల ఒళ్ళు, సన్న ముక్కు, అభిమానులు కోరినవన్నీ ఉన్నాయి. లెక్క చూస్తే వేరే ఓడ కనిపిస్తుంది.

ఈ వ్యాసం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గాని, మా వీధి తాత ఒకాయన ఆపనివ్వలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో పెనాంగునుంచి ఆ కప్పలులోనే వచ్చాడట. (మా ఇళ్ళల్లో ఓడను కప్పలు అనే అంటాం.) ఎంత ఇరుకుగా ఉండిందో చెప్పు తాతా అంటే, ఆయన ఇరుకు గురించి ఒక్క ముక్క చెప్పి, మిగతాదంతా సముద్రం గురించి చెప్పాడు. చాప పరుచుకుని ట్రంకుపెట్టెమీద తల పెట్టి పడుకుంటే, కమ్మీల సందున నీళ్ళు కనిపించేవట. రాత్రి వెన్నెల్లో ఎగిరే చేపలు చూశాడట. “మీకు చూపించినా చూడరురా, ఫోను చూస్తారు” అన్నాడు. అది నామీద వేసిన మాట, ఒప్పుకోను.

కాని ఆయన మాట విన్నాకే ఇప్పటి ఓడల అసలు లోపం నాకు తెలిసింది. అది పెట్టె ఆకారం కాదు. ఐకాన్‌లో కొన్ని బాల్కనీలు సముద్రంవైపు లేవు. ఓడ నడుమ ఒక పార్కు పెట్టారు, చెట్లు నాటారు, ఆ బాల్కనీలు పార్కును చూస్తాయి. అసలు కిటికీయే లేని గదులూ ఉన్నాయి. అంత డబ్బు పోసి సముద్రంమీదికి పోయి, గోడ చూసి రావడమా? పరిసలులో కూర్చుంటే చెయ్యి చాచి నీళ్ళు ముట్టుకుంటాం. ఓడ పనుల్లో సముద్రాన్ని దగ్గరగా చూపించడం కూడా ఒకటని నేననుకుంటున్నాను. ఆ పనిలో రాజులా డెక్కు పాసయింది, ఐకాన్ లోపలి గదులు ఫెయిలయ్యాయి. అలాగని ఐదువేలమందిని చాపలమీద పడుకోబెట్టినదాన్ని మంచి డిజైన్ అని చచ్చినా అనను. చోటూ కావాలి, సముద్రమూ కావాలి.

ప్రాణమూ కావాలి. రాజులా తర్వాత ఆ దారిలో చిదంబరం అనే ఓడ తిరిగింది. ఫ్రాన్సులో పాస్తూర్ పేరుతో 1966లో వచ్చిన అందమైన ఓడను మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని పేరు మార్చింది. 1985లో దానికి నిప్పంటుకుని చాలామంది చనిపోయారు. దాంతో మద్రాసు సింగపూరు ఓడ ప్రయాణమే ఆగిపోయింది. ఇప్పటి ఓడలను తిట్టేవాళ్ళు పొగ కనిపెట్టే యంత్రాలు, నీళ్ళు చల్లే గొట్టాలు, అందరికీ సరిపోయే లైఫ్‌బోట్లు, ఇవీ డిజైనే అని గుర్తుపెట్టుకోవాలి. ఫొటోలో పడవు గాని.

మనవాళ్ళు కట్టిన ప్రయాణికుల ఓడ కూడా ఒకటి ఉంది. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి ఓడ జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళలోకి వదిలింది విశాఖలోనే. అది సరుకు ఓడ. ఆ యార్డులోనే 1999లో స్వరాజ్ ద్వీప్ తయారైంది. 1,200 మందిని అండమాన్ తీసుకుపోతుంది. తెల్లటి ఒళ్ళు, మామూలు పొగగొట్టం, చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. బంకు క్లాసు నుంచి డీలక్సు దాకా ఉంది. జారుడుబల్లలు లేవు. జనం ఊళ్ళకు పోతారు, వస్తారు. నన్నడిగితే, ఇవాళ మన దగ్గర మిగిలిన నిజమైన లైనర్లు ఇలాంటివే. ఓడల మీద వచ్చే బొమ్మల పుస్తకాల్లో దానికి ఒక పేజీ కూడా ఇవ్వరు.

ఓడ పిచ్చివాళ్ళను ఇంత అన్నాను గాని, వాళ్ళు చేసే ఒక పని మనం చేయలేదు. క్వీన్ మేరీ 1967 నుంచి లాంగ్ బీచ్‌లో భద్రంగా ఉంది. 1959 నాటి రాటర్‌డాం తన ఊళ్ళోనే హోటలుగా ఉంది. అన్ని లైనర్లకన్నా వేగంగా పోయిన యునైటెడ్ స్టేట్స్‌ను కాపాడాలని ఏళ్ళతరబడి పోరాడారు, చివరకు ఓడిపోయారు. ఫ్లోరిడా దగ్గర ముంచి చేపలకు ఇల్లు చేయడానికి 2025 ఫిబ్రవరిలో దాన్ని లాక్కుపోయారు. 2006లో ఫ్రాన్సువాళ్ళ పెద్ద లైనర్ గుజరాత్‌లో అలంగ్‌కు విరగ్గొట్టడానికి వస్తే, దాని లోపలి బొమ్మలు, పలకలు వెతికి కొనుక్కున్నారు. రాజులాను 1973లో అమ్మేశాక రంగత్ అని పేరు మార్చి కొద్దికాలానికే విరగ్గొట్టారు. దాని గ్లాస్గో కొలతలు, టన్నులు దొరికాయి, అదీ ఓడ పిచ్చివాళ్ళు రాసి పెట్టబట్టే. డెక్కుమీద నీళ్ళ కొళాయి ఎక్కడుండేది, ఆడవాళ్ళు ఎక్కడ పడుకునేవాళ్ళు, వానొస్తే ఏం చేసేవాళ్ళు, ఇవి ఏ కొలతల్లోనూ లేవు.

మీ ఇళ్ళల్లో పెనాంగు, సింగపూరు కప్పలు ఎక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే అడిగి రాసి మా తరగతికి ఇవ్వండి. టిక్కెట్టు ముక్క గాని, ట్రంకుపెట్టెమీద అంటించిన చీటీ గాని ఉంటే ఇంకా మంచిది, చూసి తిరిగి ఇచ్చేస్తాం.